గాలి పరీక్షకి ఎండు నెత్తళ్ళు

పిల్లలూ, మీలో కొందరు ఇప్పుడు గ్రీన్ బిల్డింగులనీ, కరెంటు ఆదా చేసే ఇళ్ళనీ కోర్సులు చదువుతున్నారని విన్నాను. సంతోషం. మొన్న మన తెలుగు సంఘం హాల్లో ఒక కుర్రాడు ఏసీని అడుగంటా తగ్గించి, శాలువా కప్పుకుని, భూమి వేడెక్కిపోతోందని ఉపన్యాసం ఇచ్చాడు. చప్పట్లు నేనూ కొట్టాను. కొట్టకపోతే చేతులు కొంకర్లు పోయేట్టున్నాయి. ఆరోజే అనుకున్నాను, మా ఖిదిర్‌పూర్ రేవు దగ్గరి క్వార్టర్స్‌లో జరిగిన గాలి పరీక్ష సంగతి మీకు రాసి పెట్టాలని. తెలుగు చదవడం రానివాళ్ళు అమ్మ చేత చదివించుకోండి. అమ్మకీ రాకపోతే మా ఇంటికి రండి, నేనే చదివి వినిపిస్తాను. రిటైరైనవాడికి పనేటుంది గనక!

పేర్లు మాత్రం అడక్కండి. ఇందులో ఉన్నవాళ్ళంతా నిక్షేపంలా ఉన్నారు, రోజూ చేపల బజారులో ఎదురుపడతారు. కంపెనీ పేరూ చెప్పను. ఓడలకి మరమ్మతులు చేసే కంపెనీ అనుకోండి, చాలు.

అందులో నేను సివిల్ మెయింటెనెన్స్ సూపర్‌వైజర్ని. పేరుకి ఓడల కంపెనీయే గానీ ఓడల దరిదాపులకి నన్ను పోనిచ్చేవారు కారు. క్వార్టర్స్‌లో కుళాయి కారినా, గోడ చెమ్మెక్కినా, తలుపు బిగుసుకుపోయినా నన్ను పిలిచేవారు. అదీ చాలక నా కాపురం కూడా ఆ క్వార్టర్స్‌లోనే, అన్నిటికన్నా పైన, నాలుగో అంతస్తులో. ఆఫీసులో సాహెబు బెంగాలీలో పెట్టిన చీవాట్లు దిగమింగుకుని ఇంటికొస్తే, మెట్ల మీద అంతస్తుకో ఇల్లాలు నిలబడి అవే చీవాట్లు తెలుగులో పెట్టేది. నాలుగు అంతస్తులు ఎక్కేసరికి ఆకలి చచ్చిపోయేది.

మా బిల్డింగులో ఉన్నవాళ్ళంతా దాదాపు శ్రీకాకుళం వైపు వాళ్ళే. తాతల నాడు రేవు పనికొచ్చి ఇక్కడే పాతుకుపోయారు. బిల్డింగు కూడా తాతల నాటిదే. పడమటి గోడ ఎండకి అట్టుపెనంలా కాలేది. మా పై అంతస్తు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఏప్రిల్ వచ్చిందంటే మా ఆవిడ పెరుగు తోడెయ్యడం మానేసేది. పొద్దున్న తోడేస్తే మధ్యాహ్నానికి పులిసి కూర్చునేది. అందరూ కూలర్లు కొన్నారు. అన్నీ ఒకేసారి వేస్తే పాత వైరింగు తట్టుకోలేక ఫ్యూజు టప్పున పోయేది. అప్పుడు అందరూ కలిసి నన్ను వేసుకునేవారు.

ఇలా ఉండగా పై ఆఫీసు నుంచి హుకుం వచ్చింది. ఈ బిల్డింగు కరెంటు మింగేస్తోంది, వైరింగు ప్రమాదంగా ఉంది, ఖాళీ చేయించి అందర్నీ సంత్రాగాఛి అవతల కొత్త ఫ్లాట్లకి పంపించేద్దాం అని. అంటే నది దాటి, రైలెక్కి, ఆటో ఎక్కి రావాలి డ్యూటీకి. పిల్లల బళ్ళు ఇక్కడ, బజారు ఇక్కడ, పని ఇక్కడ. మా సాహెబు దగ్గర గింజుకుంటే ఆయన ఒక్క వెసులుబాటు ఇప్పించాడు. ఈ ఎండాకాలంలో పెద్ద ఖర్చు లేకుండా ఇళ్ళు చల్లబడేట్టు చెయ్యండి, బయటి నుంచి ఒక నిపుణురాలు వచ్చి పరీక్ష చేస్తుంది, ఆవిడ ఊఁ అంటే ఉండండి, ఊహూఁ అంటే సామాన్లు సర్దుకోండి అని.

సాహెబు గురించి ఒక మాట చెప్పాలి. బెంగాలీ ఆయన. మనసు మంచిదే గానీ పిరికి మనిషి. నవంబరులో చల్లగాలి వీచీ వీచగానే కోతి టోపీ పెట్టేవాడు. ఆయనకి లోకంలో రెండంటే భయం. ఒకటి పై ఆఫీసు, రెండోది ఎండు చేపల వాసన. బెంగాలీలంతా చేపలంటే పడి చస్తారని మీరు అనుకుంటారు. ఎండు చేపల దగ్గర మాత్రం వాళ్ళలో వాళ్ళకే పడదు. తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవాళ్ళు లొట్టలేసుకు తింటారు, ఇటుపక్క వాళ్ళు ముక్కు మూసుకుని వీధి మారిపోతారు. సాహెబు ఇటుపక్క ఆయన. మా క్వార్టర్స్‌కి వచ్చినప్పుడల్లా జేబురుమాలు ముక్కు మీదే ఉండేది.

ఆయన భయానికి కారణం మా కింద అంతస్తు మామ్మ. భర్త ఓడల షెడ్డులో పనిచేసి పోయాడు, ఇప్పుడు కొడుకు పనిచేస్తున్నాడు. మామ్మకి మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కలేదు. అయినా రోజూ బజారు మలుపులో గోనె పరుచుకుని కూర్చుని ఎండు నెత్తళ్ళు, ఎండు రొయ్యలు అమ్ముతుంది. కొడుకు వద్దంటాడు. వద్దంటే మరీ అమ్ముతుంది. సంత్రాగాఛి మాట వినగానే నన్ను గుమ్మంలోనే పట్టుకుంది.

"బావూ, నన్ను నది అవతలకి తోలేత్తే నా నెత్తళ్ళు ఎవుడు కొంతాడు? రైల్లో తెద్దామంటే పెట్టెలో ఉన్నోళ్ళంతా దూకేత్తారు."

"నేనున్నాను కదా మామ్మా, ఎక్కడికీ పోనివ్వను" అన్నాను. గొప్పగా అనేశాను గానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మామ్మకి ఆ గోనె, ఆ మలుపు, అక్కడికొచ్చి బేరాలాడే మనుషులు తప్ప వేరే లోకం లేదు.

ఇక పనిలోకి దిగాం. డాబాకి చిక్కగా తెల్లసున్నం పట్టించాం, ఎండ తిరుగుముఖం పట్టేట్టు. పడమటి కిటికీలకి బయట వెదురు తడకలు కట్టాం. అసలు పని డక్టుది. బిల్డింగు నడుమ, కింద నుంచి డాబా దాకా బావిలాంటి చదరపు ఖాళీ ఒకటుంది. అదే డక్టు. ప్రతి వంటింటి గోడకీ పైన జాలీ పెట్టి గాలి పోవడానికి పాతకాలం వాళ్ళు కట్టారు. తరవాత తరాలవాళ్ళు దాన్ని చెత్తకుండీ చేసి, ఆనక డాబా మీద ఇటుకలతో మూసేశారు. ఇటుకలు తీయించి శుభ్రం చేయిస్తుంటే మా తాపీ పని చేసే రాజమిస్త్రీ దాదా ఒక్కో వస్తువూ పైకి తీసి వేలంపాట పాడేవాడు. క్రికెట్ బంతులు, షటిల్ కాక్‌లు, విరిగిన గరిటెలు, ఒక పళ్ళసెట్టు. పళ్ళసెట్టు ఎవరిదో తేలలేదు. రెండో అంతస్తు తాతగారు మాత్రం అది తీసిన రోజు నుంచీ నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని మాట్లాడేవారు.

డక్టు మూతి మీద ఎత్తుగా రేకుతో టోపీలాంటిది కట్టి నల్లరంగు వేయించాను. డాబాకి తెలుపేసి దీనికి నలుపేంటని అందరూ అడిగినవాళ్ళే. నల్లరేకు ఎండకి వేడెక్కుతుంది, దాని కింద గాలి వేడెక్కి పైకి పోతుంది, పోతూ పోతూ ఇళ్ళల్లో వేడిని లాక్కుపోతుంది, ఆ ఖాళీలోకి ఉత్తరం కిటికీల్లోంచి చల్లగాలి వస్తుంది. ఎండ ఎంత మండితే గాలి అంత ఆడుతుంది. ఈ సంగతి మీటింగు పెట్టి చెప్పాను. అందరూ తల ఊపారు. మామ్మ ఊపలేదు.

"తెల్ల పంచి కట్టి నల్ల టోపీ ఎట్టావు. బిల్డింగుకి పెళ్ళేటి బావూ?" అంది.

నవ్వితే నవ్వారు గానీ, పనిచేసిందర్రా! వారం తిరక్కుండానే ఇళ్ళు చల్లబడ్డాయి. జాలీ దగ్గర చెయ్యి పెడితే గాలి లాగడం తెలిసేది. కూలర్లు ఒక్కొక్కటే మంచాల కిందకి వెళ్ళాయి. ఫ్యూజు పోవడం మానేసింది. మా ఆవిడ మళ్ళీ పెరుగు తోడేసింది. నేను మెట్లెక్కుతుంటే అంతస్తుకో చోట మజ్జిగ ఇచ్చారు. ఆ వారం నా నడకే మారిపోయిందని మా ఆవిడ అంటుంది.

గాలితో పాటు వేరేవి కూడా పైకొస్తాయన్న సంగతి నాకు తట్టలేదు. మొదట వాసనలు. కింద ఎవరు ఏం వండినా పైన తెలిసిపోయేది. అది సర్దుకున్నాం. తరవాత మాటలు. కింద మామ్మ పోపు వేస్తూ కోడల్ని ఏదో అంటే మా వంటింట్లో నా పక్కన నిలబడి అన్నట్టే వినిపించేది. నాలుగు రోజుల్లో ఆడవాళ్ళు దానికి అలవాటు పడిపోయారు. ఫోన్లు మానేసి జాలీ దగ్గర నిలబడి, "ఓలప్పా, కరివేపాకుందేటి?" అని కేకేస్తే మూడు అంతస్తుల నుంచి జవాబులొచ్చేవి. మామ్మకయితే పండగే. మోకాళ్ళు కదపకుండా బిల్డింగంతా చుట్టి వచ్చేసేది.

కొంప ఎక్కడ మునిగిందంటే, పైమాటలు కిందకీ వినిపిస్తాయని మా ఆవిడకి తెలీదు. గాలి పైకే పోతుంది కదా, మాటలూ పైకే పోతాయనుకుంది. ఒక మధ్యాహ్నం వంటింట్లో కూర్చుని గార్డెన్ రీచ్‌లో ఉన్న వాళ్ళ చెల్లెలితో ఫోన్లో బిల్డింగు వంటలన్నీ ఏకరువు పెట్టింది. రెండో అంతస్తావిడ పులుసులో ఉప్పు కుమ్మరిస్తుందట, మూడో అంతస్తావిడ సాంబారు తాగితే మంచినీళ్ళు తాగినట్టే ఉంటుందట. మర్నాడు పొద్దున్నే రెండో అంతస్తావిడ గిన్నెతో వచ్చింది. "వొదినా, ఈసారి ఉప్పు తగ్గించాను, సూసి సెప్పు" అని నవ్వుతూ చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. కాసేపటికి మూడో అంతస్తు నుంచి సాంబారు వచ్చింది. మా ఆవిడ రెండు గిన్నెలూ ముందు పెట్టుకుని అలా కూర్చుండిపోయింది. నేను తిన్నాను. రెండూ బాగున్నాయి.

ఆ తరవాత మా ఇంట్లో సైగల భాష మొదలైంది. ఉప్పు కావాలంటే వేళ్ళు నలిపి చూపించేది. నేను గట్టిగా తుమ్మినా ఉలిక్కిపడేది. ఒక రెండ్రోజులు పోయాక ఉన్నట్టుండి మామూలుగా మాట్లాడ్డం మొదలెట్టింది. సిగ్గు తగ్గిందేమో అనుకుని ఊరుకున్నాను.

అప్పుడే గొడవలు మొదలయ్యాయి. మూడో అంతస్తులో వాసనలన్నీ ఇంట్లోకే వస్తున్నాయని ఫిర్యాదు. రెండో అంతస్తులో ఉక్కపోత. కూలర్లు మంచాల కింద నుంచి మళ్ళీ బయటకొచ్చాయి. డాబా ఎక్కి నల్లటోపీ చుట్టూ ప్రదక్షిణాలు చేశాను, ఏ లోపమూ కనబడలేదు. జాలీల్లో ఎవరో గుడ్డలు కుక్కారని నా అనుమానం. అందర్నీ కింద వరండాలో పోగేసి, "మన కొంపకి మనమే నిప్పు పెట్టుకుంటామా? పరీక్ష దగ్గరకొచ్చింది. డక్టుకి అడ్డం పెట్టినవాళ్ళు తిన్నింటి వాసాలు లెక్కపెట్టినట్టే" అని ఎడాపెడా చదివాను. ముందు వరసలో కూర్చున్న మా ఆవిడ, "అవునవును, ఎంత అన్యాయం!" అని అందరికన్నా గట్టిగా అంది.

పరీక్ష రోజు రానే వచ్చింది. ముందురోజే ఇంటింటికీ తిరిగి ఎండు చేపలు వేయించొద్దని దణ్ణాలు పెట్టాను. సాహెబు కూడా వస్తాడు మరి. ఆ వాసన తగిలితే మొదటి మెట్టు మీదే వెనక్కి తిరుగుతాడు. అందరూ ఒప్పుకున్నారు. మామ్మ ఒక్కతే ముఖం ముడుచుకుంది.

"ఏటి బావూ! గాలి రావాలంతావు, వాసన రాకూడదంతావు. రెండూ ఒకే తోవని కాదేటి వత్తాయి?"

"ఒక్కరోజు మామ్మా. నీ ఇల్లు నిలబడ్డానికే."

"నా ఇల్లు నిలబడాలంతే నెత్తళ్ళు ఏం తప్పు సేసేయి?" అని గొణిగింది గానీ డబ్బా మూత బిగించింది.

నిపుణురాలు మేడమ్ వచ్చింది. బెంగాలీ ఆవిడే, తెలుగు కాస్త వచ్చు. నేత చీర, కాన్వాసు బూట్లు, భుజాన సంచీ, చేతిలో గొడుగు. నవ్వు అన్నది ఇంట్లో దాచిపెట్టి వచ్చిన మనిషి. డాబా సున్నం గోళ్ళతో గీకి చూసింది, తడకలు లాగి చూసింది, బాగుందనీ అనలేదు, బాగులేదనీ అనలేదు. ఆఖరికి డక్టు దగ్గరకొచ్చింది. మామ్మ వంటింట్లో జాలీ కింద స్టూలెక్కి, సంచీలోంచి ఊదొత్తుల కట్ట తీసింది. ఊదొత్తి పొగ డక్టులోకి లాగేసుకుంటే గాలి ఆడుతున్నట్టు, పై అంతస్తుల్లో ఆ వాసన తెలిస్తే దారి బాగున్నట్టు. పొగ కాస్త పైకి లేచి, జాలీ దగ్గర బద్ధకంగా నిలబడి, తిరిగొచ్చి మేడమ్ ముఖం మీద పడింది. ఆవిడ దగ్గింది. గాలి కొలిచే బుల్లి ఫ్యాను జాలీకి ఆనించింది. అది కదల్లేదు.

"కీ హొలో? ఏమైంది, గాలి ఎక్కడ?" అంది.

గుమ్మంలో నిలబడ్డ మామ్మ నా ముఖం చూసింది. ఆ చూపు మర్చిపోవడానికి నాకు చాలా రోజులు పట్టింది.

దారికి ఏదో అడ్డం పడింది, ఎక్కడో కనిపెడితే తీసేస్తాం మేడమ్ అని బతిమాలాను. సరేనని ఊదొత్తి వాసన ఎంతవరకూ పోయిందో చూడ్డానికి ఒక్కో అంతస్తూ ఎక్కడం మొదలెట్టింది. వెనకాల నేను, నా వెనకాల జేబురుమాలుతో సాహెబు. మొదటి అంతస్తులో ఊదొత్తి వాసన గుప్పున కొట్టింది. రెండో అంతస్తులో అంతకన్నా గుప్పుమంది. మూడో అంతస్తులో పొగకి దేవుడి పటాలే కనబడ్డం లేదు. విషయం ఏమిటంటే, ఇల్లు నిలబడాలని ఆ పొద్దున్న బిల్డింగులో ప్రతి ఇల్లాలూ దేవుడికి మొక్కుకుని ఊదొత్తులు వెలిగించింది. కొందరయితే కట్టలకి కట్టలే వెలిగించేశారు! ఏ పొగ పరీక్షదో, ఏ పొగ భక్తిదో దేవుడికి కూడా తెలిసే వీలు లేదు.

మేడమ్ కళ్ళు తుడుచుకుంటూ కిందకి దిగింది. "ఇలా ఏదీ తేల్చలేను. డక్టు పనిచెయ్యడం లేదనే చెప్పాలి" అంది. సంచీ సర్దుకుంటోంది. సాహెబు నావైపు జాలిగా చూశాడు. ఆయన మంచివాడని ముందే చెప్పాను కదా.

అప్పుడు మామ్మ మేడమ్ గొడుగు పట్టుకుంది. మనిషిని పట్టుకోవడానికి మొహమాటం, గొడుగుకి మొహమాటమేటి!

"ఆగు తల్లీ. ఊదొత్తి అందరింటా ఉంది. ఇయాల ఈ బిల్డింగులో ఎవురింట్లోనూ నేని వాసన నాకాడ ఉంది" అని నా వైపు తిరిగింది. "బావూ, నువ్వే కదా ఒద్దన్నావు. ఇప్పుడేటంతావు?"

నేను సాహెబు వైపు చూశాను. ఆయన అప్పటికింకా అర్థం చేసుకోలేదు, పాపం. మామ్మ డబ్బా మూత తీసింది. అర్థం చేసుకున్నాడు.

"షొర్బొనాశ్!" అన్నాడు. సర్వనాశనం అని. అని, అంత లావు మనిషి మూడో అంతస్తు దాకా ఒక్క ఊపున పరిగెత్తాడు. వాసన పైకే వస్తుందన్న సంగతి ఆ కంగారులో మర్చిపోయాడు.

మామ్మ మూకుట్లో నూనె పోసి నెత్తళ్ళు జల్లింది. చిటపటలాడాయి. ఆనక పై నుంచి కేకలు.

"మొదటి అంతస్తు! వచ్చేసింది!"

"రెండో అంతస్తు! వచ్చింది, వచ్చింది! ఓలమ్మో, అన్నం ఉంతే బావుణ్ణు!"

మూడో అంతస్తు నుంచి ఇల్లాలి కేక వినిపించలేదు. సాహెబు "ఛీ ఛీ ఛీ" అన్న కేక వినిపించింది. వచ్చిందని రాసుకున్నాం.

నాలుగో అంతస్తు నుంచి ఏ కబురూ లేదు.

మేడమూ నేనూ మెట్లెక్కాం. మా గుమ్మంలో మా ఆవిడ రెండు చేతులూ తలుపుకి అడ్డం పెట్టి నిలబడింది.

"మా ఇంట్లో ఏ వాసనా రాలేదండీ. మా ఇంట్లో ఎప్పుడూ ఏ వాసనా రాదు" అంది. నేనేటీ అడక్కముందే అంది.

"తప్పుకోవే."

"వంటిల్లు సర్దలేదు."

మేడమ్ ఆవిడ చెయ్యి కింద నుంచి వంగి లోపలికి దూరిపోయింది. జాలీ మీద కొత్త క్యాలెండరు వేలాడుతోంది. తీశాం. జాలీ చట్రం ఊడి ఉంది. టార్చి వేసి లోపలికి చూశాను. కాస్త కిందగా, డక్టులో అడ్డంగా పోయే పాత పైపు మీద, మా పెళ్ళప్పుడు మా అత్తగారు కుట్టి ఇచ్చిన పెద్ద బొంత పందిరిలా పరుచుకుని ఉంది. నా పాత ఖాకీ ప్యాంటు ముక్క వేసి కుట్టిన మాసికతో సహా.

"మాటలు కిందకి పోకుండా జాలీలో కుక్కానండీ. జారిపోయింది" అంది మా ఆవిడ నేల చూపులు చూస్తూ. "తీద్దామంటే చెయ్యి అందలేదు. మీకు చెబుదామంటే మీరు ఆ మీటింగులో తిన్నింటి వాసాలు అన్నారు."

కోపం వచ్చిందా అంటే వచ్చింది. కానీ నవ్వు దానికన్నా ముందొచ్చేసింది, ఏం చెయ్యను? మేడమ్ మాత్రం నవ్వలేదు. "వెదురు కర్ర ఉందా?" అంది.

బట్టలారేసే వెదురు గెడకి కొక్కెం కట్టి, నేనూ మిస్త్రీ దాదా కలిసి బొంతని లాగాం. అది చివరి మూల దగ్గర పట్టుకుంది, గింజుకుంది, ఊడింది. ఊడగానే అప్పటిదాకా కింద ఇరుక్కున్న గాలంతా ఒక్కసారి బుస్సుమని పైకి ఎగదన్నింది. క్యాలెండరు ఎగిరిపోయింది. మేడమ్ పమిట ఎగిరి భుజం దిగింది. నెత్తళ్ళ వాసన నిలువెత్తు మనిషిలా మా వంటింట్లోకి నడిచొచ్చింది.

మేడమ్ కళ్ళు మూసుకుంది. సొమ్మసిల్లుతోందేమో అని స్టూలు తెచ్చాను.

"శుట్కి" అంది మెల్లగా. ఎండు చేప అని. "మా దిదిమా, అదే అమ్మమ్మ, వండేది. మావాళ్ళది తూర్పు బెంగాల్. ఆవిడ పోయాక మా ఇంట్లో ఎవరూ వండలేదు." గుటక మింగింది. నాకు ప్రాణం లేచొచ్చింది. "అయితే మేడమ్, ఒక ముద్ద కింద..." అని మొదలెట్టాను.

"ముందు కొలత" అంది కళ్ళు తెరిచి. మళ్ళీ అదే ముఖం.

బుల్లి ఫ్యాను జాలీకి ఆనించింది. అది గిర్రున తిరిగింది. మూడో అంతస్తులో తిరిగింది, రెండోదాంట్లో తిరిగింది, మొదటిదాంట్లో తిరిగింది. మామ్మ వంటింట్లో కాల్చిన ఊదొత్తి పొగ ఈసారి చెయ్యి పట్టుకు లాగినట్టు జాలీలోకి పోయింది. సాహెబు ఈ లోపల మూడో అంతస్తు నుంచి డాబా మీదకి పారిపోయాడు, అక్కడ మంచిగాలి ఉంటుందనుకుని. ఆఖరి కొలతకి మేమూ డాబా ఎక్కాం.

ఎక్కి చూస్తే ఏముంది! నల్లటోపీ చుట్టూ పిల్లులు. మా బిల్డింగువి, పక్క బిల్డింగువి, బజారువి, పేటలో ఉన్నవన్నీ గోడల మీద నుంచి, పైపుల మీద నుంచి వచ్చి, తెల్ల డాబా మీద ముక్కులు పైకెత్తి భజనకొచ్చినట్టు కూర్చున్నాయి. సాహెబు నీళ్ళట్యాంకు మీదకెక్కి కూర్చుని జేబురుమాలుతో వాటిని అదిలిస్తున్నాడు. ఒక గండుపిల్లి ఆయన బూటు వాసన చూస్తోంది.

మేడమ్ పిల్లుల మధ్య నుంచి జాగ్రత్తగా అడుగులేసుకుంటూ వెళ్ళి టోపీ కింద ఫ్యాను పట్టుకుంది. అది తిరిగే వేగానికి మాకు రెక్కలే కనబడలేదు. ఆవిడ నా వైపు చూసింది, పిల్లుల వైపు చూసింది, ట్యాంకు మీద సాహెబుని చూసింది. అప్పుడు నవ్వింది. ఆపుకోలేక డాబా మీద కూలబడి మరీ నవ్వింది. ఒక పిల్లి వెళ్ళి ఒళ్ళో కూర్చుంది.

ఇంతలో డక్టులోంచి మామ్మ గొంతు. మెట్లెక్కలేని మనిషి కదా, కింద జాలీ దగ్గరే నిలబడి ఉంది ఇందాకటి నుంచీ.

"బావూ! ఏటయింది, ఆ పిల్లుల గోలేటి? ఇల్లుంతాదా, పోతాదా? మాటాడవేటి!"

ఈ నోటితో ఆఫీసులో, మెట్ల మీద, మీటింగుల్లో ఎంత వాగానో నాకే తెలుసు. ఆ ఒక్క మాటా చెప్పాల్సినప్పుడు రాలేదు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. ఊదొత్తి పొగ అని మా ఆవిడకి చెప్పుకున్నాను గానీ అక్కడ పొగ లేదు. మేడమ్ నన్ను చూసి, ఒళ్ళో పిల్లిని దించి, లేచి టోపీ కింద తలపెట్టి గట్టిగా అరిచింది.

"మాషీమా! ఘొర్ థాక్‌బే! పిన్నిగారూ, ఇల్లు ఉంటుంది!"

కింద నుంచి మూకుడు దించిన చప్పుడు, ముక్కు చీదిన చప్పుడు వినిపించాయి. అంతస్తులన్నిటి నుంచీ ఒకేసారి కేకలు లేచాయి. వాటన్నిటినీ తోసుకుంటూ మామ్మ గొంతు పైకొచ్చింది.

"అయితే ఆ పిల్లుల్నొగ్గేసి కిందకి రా తల్లీ. అన్నం సల్లారిపోతంది."